అరువు కుర్చీలు

వకీలమ్మగారికి,

ఇస్త్రీ ఆవిడ దండాలు. ఇక్కడంతా క్షేమం అని మొదలుపెట్టాలి గానీ, క్షేమంగా ఉంటే మీకెందుకు రాస్తాను. సిమెంటు మూటలు మోసి మోసి మా ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయని మీకు తెలుసు. ఊపిరి మిషను అద్దెకి వచ్చే సర్కారు సాయం ఆపేశారు.

జరిగిందేమిటంటే, ఇల్లు చూడ్డానికి తనిఖీ బాబు వస్తున్నాడన్నారు. ఇంటికొచ్చిన మనిషిని నేలమీద కూర్చోబెడతామా? పక్కింటి టైలరక్క కుర్చీలు, మేడమీదవాళ్ళ ఫ్యాను, పింగాణీ కప్పులు అరువు తెచ్చాను. ఆయన టీ తాగి, చల్లగా కూర్చుని, 'కుటుంబం సౌకర్యంగా ఉంది' అని రాసుకుపోయాడు. ఇప్పుడు మిషను వాడు పట్టుకుపోతానంటున్నాడు. అది లేకపోతే మా ఆయన బతకరు.

మీదే భారం,
ఇస్త్రీ ఆవిడ

మరోమాట: ఫ్యాను స్పీడు పెంచమన్నది తనిఖీ బాబే. పెంచాక రాసుకున్నాడు.

*

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా ఉచిత న్యాయసహాయం ఆఫీసులో రెండింటికీ టైము ఉండదు, అందుకని అప్పీలు వేశాను. మళ్ళీ తనిఖీకి ఒప్పుకున్నారు. తనిఖీ బాబు చుట్టం కాదు, మర్యాదలు చెయ్యకండి. మీ పేదరికం ఆయన కంట్లో పడాలి. మీ సొంతం కాని వస్తువు ఒక్కటి కూడా ఇంట్లో ఉండకూడదు.

ఉంటాను,
మీ వకీలమ్మ

తా.క.: కప్పులు కూడా.

*

వకీలమ్మగారికి,

మీ మాట జవదాటలేదు. అరువువన్నీ తిరిగిచ్చేశాను. తీరా ఆలోచిస్తే మిషను కూడా మాది కాదు, అద్దెది. దాన్నీ టైలరక్క ఇంట్లో పెట్టించాను. మిషను వదిలి ఆయన ఉండలేరు కదా, ఆయన్నీ అక్కడే పడుకోబెట్టాను. మంచం ఆయనతోపాటే వెళ్ళింది. ఇల్లు కూడా అద్దెదే గానీ, దాన్ని ఎక్కడికి పంపాలో తెలీక వదిలేశాను.

తనిఖీ బాబు ఖాళీ గదిలో నిలబడి, 'ఇక్కడ రోగి లేడు, అసలు కాపురమే లేదు' అని రాశాడు. మిషను వాడు రోజూ గుమ్మం ముందు నిలబడుతున్నాడు. నాకేం చెయ్యాలో తోచడంలేదమ్మా.

ఇస్త్రీ ఆవిడ

మరోమాట: గోడ అవతల మా ఆయన దగ్గుతూనే ఉన్నారు. తనిఖీ బాబు విని, 'పాపం, పక్కింట్లో ఎవరికో బాగోలేనట్టుంది, సాయానికి అర్జీ పెట్టుకోమను' అన్నాడు.

*

అత్తయ్యా,

మీ ఉత్తరం చూసి తల పట్టుక్కూర్చున్నాను. పెద్దాఫీసరు, 'ఒకసారి అన్నీ ఉన్నాయి, ఒకసారి ఏమీ లేవు, ఈవిడ దేనిమీద నిలబడుతుంది' అన్నాడు. నేలమీద అన్నాను. చెప్పులరిగేలా తిరిగితే మూడో తనిఖీకి ఊ అన్నాడు. ఎప్పుడొస్తారో మాత్రం చెప్పరట. కొన్నాళ్ళు ఆగమని మిషను అతన్ని బతిమాలాను. అతను అవుననలేదు, కాదనలేదు.

ఈసారి ఏమీ తేవద్దు, ఏమీ పంపొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది.

మీ వకీలమ్మ

తా.క.: ఫీజు లేకుండా వాదిస్తున్నానంటే ఆఫీసరు నమ్మలేదు. నమ్మాక, జాలిపడి నాకూ ఒక దరఖాస్తు ఇచ్చాడు.

*

వకీలమ్మగారికి,

మా ఆయన్నీ, మిషన్నీ ఇంటికి తెచ్చి, ఉన్నది ఉన్నట్టే ఉంచాను. అదే ఉండలేదు. సోమవారం పొద్దున్నే మిషను వాడు వచ్చి పట్టుకెళ్ళాడు. పాపం, వాడూ తలెత్తి చూడలేకపోయాడు. మధ్యాహ్నానికి మా ఆయన పోయారు.

మర్నాడు పలకరించడానికి జనం వచ్చారు. టైలరక్క కుర్చీలు తెచ్చింది, మేడమీదవాళ్ళు ఫ్యాను దింపారు, ఎవరో పింగాణీ కప్పుల్లో టీ పోస్తున్నారు. అప్పుడే తనిఖీ బాబు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. 'రాసుకో బాబూ, కానీ ఇవన్నీ అరువువి' అన్నాను.

ఆయన పెన్ను తియ్యలేదు. 'ఇంక తనిఖీ అక్కర్లేదమ్మా. మీ వకీలమ్మ మళ్ళీ వచ్చి పోట్లాడింది, సాయం మంజూరైంది. మీ ఆయన్ని పిలువు, వేలిముద్ర కావాలి' అన్నాడు.

నేను ఒక కుర్చీ జరిపి కూర్చోమన్నాను. ఇంటికొచ్చిన మనిషి కదా.

మీరు గెలిచారమ్మా. ఆ మాట మీకు చేరాలని రాస్తున్నాను.

ఇస్త్రీ ఆవిడ

మరోమాట: నాకిప్పుడు వితంతువుల సాయం వస్తుందట, దానికి మళ్ళీ ఇల్లు తనిఖీ చెయ్యాలట. కుర్చీలు ఇంకా ఇక్కడే ఉన్నాయి. ఉంచమంటారా, ఇచ్చెయ్యమంటారా?