నువ్వూ ఒకటి పోసుకో

అక్టోబర్ 3, గురువారం

మా ఆయన డెరిక్ రిపోర్టులు వచ్చాయి. లివర్ గట్టిపడిపోయిందట. గొంతులో రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయట, ఇంకా తాగితే ఏదో ఒకరోజు పగులుతాయట. చుక్క కూడా ముట్టుకోవద్దంది డాక్టరమ్మ. మీరేం పని చేస్తారని అడిగింది. పబ్ నడుపుతాం, పైన నాలుగు గదులు అద్దెకిస్తాం అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

కారులో డెరిక్ ఒకటే నవ్వు. చేపని ఒడ్డు మీద కాపురం పెట్టమన్నట్టుంది అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తాగుడు మానడం ఒక ఎత్తు, ఈ ఊళ్లో మానడం ఇంకో ఎత్తు. ఇక్కడ ఎవడూ తన గ్లాసు ఒక్కటే కొనుక్కోడు. డబ్బులు కౌంటర్ మీద పెట్టి, నువ్వూ ఒకటి పోసుకో డెరిక్ అంటాడు. పోసుకోవాలి. వాళ్ల ఎదురుగా ఎత్తి, మీ ఆరోగ్యానికి అని గుక్క తాగాలి. వద్దంటే మొహాన కొట్టినట్టే. ఇదే పబ్ నడిపిన మామగారు ఎవరినీ వద్దనలేదు. ఆయన తండ్రీ వద్దనలేదు. ఇద్దరూ అరవై చూడలేదు. డెరిక్‌కి యాభై ఎనిమిది.

అక్టోబర్ 5

ఉపాయం నాదే. ఖాళీ జిన్ సీసా కడిగి, నీళ్లు నింపి కౌంటర్ కింద పెట్టాను. బీరుతో పొట్ట పెరుగుతోంది, డెరిక్ ఇక జిన్‌కి మారాడని నేనే చాటింపు వేశాను. అందులోకి ఐసు, నిమ్మచెక్క, టానిక్ సోడా.

సాయంత్రం మొదట వచ్చింది విల్ఫ్. గుట్ట మీద గొర్రెలు కాసుకునే ముసలాయన, చిన్నప్పుడు డెరిక్‌ని భుజాలకెత్తుకుని తిప్పిన మనిషి. నువ్వూ ఒకటి పోసుకోరా అన్నాడు. డెరిక్ పోసుకున్నాడు. జిన్నేంట్రా నీ మొహం, రేపట్నుంచి ఆడాళ్ల టోపీ, చేతిసంచీ కూడా తెచ్చుకుంటావా అన్నాడు విల్ఫ్. అంతటితో సరి. ఎవరికీ తెలియలేదు.

డెరిక్ గ్లాసుకని వాళ్లిచ్చే డబ్బులు చర్చి పైకప్పు మరమ్మతు డబ్బాలో వేస్తున్నాను. అబద్ధం చాలు, దొంగతనం కూడా ఎందుకు.

అక్టోబర్ 9

నీళ్లే. ఇవాళ కూడా నీళ్లే.

అక్టోబర్ 16

విల్ఫ్ భార్య ఎడ్నాని ఇవాళ పూడ్చారు. చర్చి నుంచి అందరూ తిన్నగా మా దగ్గరికే వచ్చారు. హామ్ శాండ్‌విచ్‌లు, పోర్క్ పైలు, టీ, ఆ తర్వాత విస్కీ. విల్ఫ్ లేచి, నా ఎడ్నాకి అన్నాడు. అందరూ గ్లాసులెత్తారు. డెరిక్ కూడా ఎత్తాడు. తన గ్లాసులో ఏముందో నాకూ తనకూ మాత్రమే తెలుసు. నా వంక చూడలేదు.

అక్టోబర్ 27, ఆదివారం

డెరిక్ కళ్లలో పసుపు తగ్గింది. సంతోషించాలి. కానీ మనిషి మూగబోయాడు. జోకుల్లేవు, పాటల్లేవు, కుక్కల్ని కూడా పలకరించడు. ఆదివారం రోస్టు భోజనానికొచ్చినవాళ్లు చాటుగా నన్ను పట్టుకుని, ఏమ్మా మోరీన్, మొగుడితో గొడవా అని అడిగారు. గొడవ లేదు. అంత మాట్లాడుకుంటేగా గొడవ.

రాయడానికి సిగ్గుగానే ఉంది. తాగే డెరిక్ మీద బెంగగా ఉంది నాకు.

నవంబర్ 2, శనివారం

అయిపోయింది.

పై గదిలో దిగిన పట్నం పిల్ల జిన్ అడిగింది. గోడకి తలకిందులుగా వేలాడే అసలు జిన్ సీసా ఖాళీ. వంటింట్లో పోర్క్ పై మాడుతోంది. నా చెయ్యి అలవాటుగా కౌంటర్ కిందికి పోయింది. ఒక గుక్క తాగి ఆ పిల్ల చాలా మర్యాదగా, ఏమీ అనుకోకండి, ఇందులో జిన్ లేదనుకుంటా అంది. పక్కనే ఉన్న విల్ఫ్ ఆ గ్లాసు అందుకుని వాసన చూశాడు, నాలిక తడిపాడు. కౌంటర్ కిందికి వంగి సీసాకేసి చూశాడు.

నా ఎడ్నా పేరు చెప్పి ఎత్తిందీ ఇదేనా అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నేను ఆగలేకపోయాను. లివర్ సంగతి, డాక్టర్ సంగతి అందరి ముందూ కక్కేశాను. విల్ఫ్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నడిబజార్లో తన బట్టలు ఊడదీసినట్టు చూశాడు డెరిక్ నన్ను.

నవంబర్ 3

అందరూ ఎంత మంచివాళ్లో. సాయంత్రం మొత్తంలో ఒక్కరు కూడా నువ్వూ ఒకటి పోసుకో అనలేదు. మాట్లాడుకుని వచ్చినట్టున్నారు. గ్లాసు తీసుకుంటారు, థాంక్స్ అంటారు, చూపు తిప్పుకుంటారు. డెరిక్ గ్లాసులు నింపుతూనే ఉన్నాడు. మంచం ఎక్కుతూ, బతికుండగానే చంపేసి, మళ్లీ బార్‌లో నన్నే నిలబెట్టావు మోరీన్ అన్నాడు.

విల్ఫ్ రాలేదు.

నవంబర్ 9

వారమంతా విల్ఫ్ జాడ లేదు. ఎడ్నా పోయిన ఇంట్లో ఒక్కడూ కూర్చుని ఏం చేస్తున్నాడో. నేను వెళ్లి క్షమాపణ అడిగొస్తానన్నాడు డెరిక్. నేను కూడా వెళ్లాల్సింది. ఓవెన్‌లో పోర్క్ పైలున్నాయని ఆగాను.

చీకటి పడే వేళకి తిరిగొచ్చాడు. గుమ్మంలో ఉండగానే వాసన. ఎడ్నా కోసం ఈసారి నిజంగా ఎత్తామన్నాడు. ఒక్కటే, ఒట్టు అన్నాడు. విల్ఫ్ కౌగిలించుకుని ఏడ్చాడట. ఇన్నాళ్ల తర్వాత డెరిక్ మొహంలో వెలుగు చూశాను.

తాగుడుతో పోట్లాడగలను. క్షమించుకున్న ఇద్దరు మగాళ్లతో ఎలా పోట్లాడను?

నవంబర్ 10

ఒక్కటి కాదు.

నవంబర్ 17

బార్ కిటకిటలాడింది. విల్ఫ్ తన కిటికీ పక్క కుర్చీలోకొచ్చాడు. ఒక్కటి తాగితే చస్తాడా పిల్లా, అలా గుడ్లురుముతావేం అని నన్ను కసురుకున్నాడు. దాంతో అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. నువ్వూ ఒకటి పోసుకో, నువ్వూ ఒకటి పోసుకో. డెరిక్ పాడాడు. చర్చి ఫాదరుగారి మేక జోకు మళ్లీ చెప్పాడు. పగలబడి నవ్వాను. నేనే. నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

నవంబర్ 30

మెట్ల మీద రక్తం కక్కాడు. ఇంత రక్తం ఉంటుందా మనిషిలో.

ఆసుపత్రి వరండాలో విల్ఫ్, ఎడ్నాని పూడ్చిన రోజు వేసుకున్న కోటులోనే ఉన్నాడు. నేనే చంపేశానా పిల్లా అని అడిగాడు. అవునందామనుకున్నాను. నాలిక చివరి దాకా వచ్చింది. ఎనభై దాటిన ముసలాయన టోపీ చేతిలో పట్టుకుని నా ఎదురుగా నిలబడితే, లేదన్నాను. ఆ మాటకి నన్ను నేను క్షమించుకోలేను.

డిసెంబర్ 6

ఇంటికి తెచ్చాం. ఇక చేసేదేమీ లేదట. ఏం కావాలంటే అది ఇవ్వండి, ఇప్పుడు తేడా ఏమీ ఉండదు అన్నారు డాక్టర్లు. మా గదిలోనే పడుకోబెట్టాను. కింద బార్ చప్పుడు వినబడాలంటాడు. అందుకే బార్ తెరిచాను.

డిసెంబర్ 10

కింద అందరూ డెరిక్ కోసం పంపుతున్నారు. ఇది పైకి తీసుకెళ్లమ్మా, వాడికి చెప్పు అంటూ. జిన్, విస్కీ, ఒకసారి బ్రాందీ.

డెరిక్ మింగలేడు. స్పాంజితో పెదాలు తడపమంటాడు. నీళ్లు, మోరీన్, నీళ్లు అంటాడు. ఇప్పుడు అడుగుతున్నాడు.

పంపినవి మెట్ల మలుపులో నిలబడి నేనే తాగేస్తున్నాను. కిందికి దిగి, మీ ఆరోగ్యానికి అన్నాడని చెబుతున్నాను. వాళ్లకి ఎంత ఆనందమో.

డిసెంబర్ 15, సాయంత్రం

మధ్యాహ్నం డెరిక్ పోయాడు. ఎవరికీ ఇంకా చెప్పలేదు. తలుపు దగ్గరగా వేసి, కిందికి వచ్చి బార్ తెరిచాను.

వాడికొకటి పట్టుకెళ్లు పిల్లా అన్నాడు విల్ఫ్.

పట్టుకెళ్లాను.