జయశీల సంతకం

పాళెం,
9-6-1964

పూజ్యులైన శ్రీవారికి వెంకటశేషమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. సంగం ఊళ్ళో మీరూ, మీ బడిపిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పాపకు దగ్గు తగ్గిందా అని అడిగారు. తగ్గింది. ఉప్పుగాలి పడక వచ్చిందే తప్ప మరేం లేదని నర్సమ్మ చెప్పింది. "నాన్న బడి ఎంత దూరం?" అని మాత్రం రోజూ అడుగుతోంది. మీ బదిలీ సంగతీ అడిగారు. కాస్త ఓపికగా చదవండి, చెబుతాను.

చేపలు ఎండబోసి వచ్చే ఆడపిల్లలకు మధ్యాహ్నం పూట నేను చదువు చెబుతున్నాను కదా, పోయిన నెల వాళ్ళకు పంచాయితీ ఎన్నికల గురించి పాఠం చెప్పాను. మీరొచ్చినప్పుడు బోర్డు మీద తన పేరు రాసి చూపించిన జయశీల నిజంగానే వార్డుకు నామినేషన్ వేసింది. "మంచినీళ్ళకు మైలు దూరం పోతాండామక్కా. బావి కావాలని అడగాల్సింది మెంబరేనని నువ్వేగదా చెప్పినావు" అంది. ఆ రోజు నాకు అన్నం కూడా సహించలేదు, అంత సంతోషం.

ఇంతవరకూ మీకు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

కులపెద్ద కామాక్షయ్యగారు బడికి వచ్చారు. మేముండే గదీ, బడి నడిచే కొట్టమూ ఆయనవే.

"పాళెంలో పోటీ అనేది ఎప్పుడూ లేదమ్మా. మా తమ్ముడి కొడుకును అనుకునేసినాం. ఆ పిల్ల తప్పుకున్నట్టు కాయితం రాసి సంతకం పెట్టించు. మీ ఆయన్ని ఈడికి తెచ్చే కాయితం పంచాయితీ సమితిలో నా మాట కోసమే ఆగి ఉండాది. నిన్ను ఇంకా దూరం పంపించాలన్నా నా మాటే."

మూడు రోజులు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నాలుగో రోజు ఆయనడిగిన కాగితం రాశాను. బడి పలకల కోసం అర్జీ అని చెప్పి జయశీల ముందు పెట్టాను. చదవకుండా దేనిమీదా సంతకం చేయవద్దని వాళ్ళకు నేర్పింది నేనే. ఆ పిల్ల మడత కూడా విప్పలేదు. "నువ్వు రాసిందేగదక్కా" అని నవ్వి పెట్టేసింది.

మొన్న చావడి గోడకు పోటీలో ఉన్నవాళ్ళ జాబితా అంటించారు, అందులో జయశీల పేరు లేదు. ఆ పిల్ల తనే చదువుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఆ పలకల కాయితమేనా అక్కా?"

అవునన్నాను. ఏడవలేదు, తిట్టలేదు.

"అడిగుంటే నీ కోసం తప్పుకొనేదాన్నేమో. అడగలేదే" అని వెళ్ళిపోయింది.

అప్పటినుంచి మధ్యాహ్నం ఎవరూ రావడం లేదు. వేళకు చాపలు పరుస్తాను, కాసేపు కూర్చుని చుట్టేస్తాను. వీధిలోకి పోవాలంటే కామాక్షయ్యగారి వాకిలి దాటాలి. ఆయన నవ్వుతూ పలకరిస్తారు, నేనూ నవ్వాల్సి వస్తోంది.

దీనితో ఇంకో కాగితం పెట్టాను. జరిగిందంతా ఎన్నికల అధికారికి నా సంతకంతో రాశాను. ఎన్నికలకు ఇంకా పది రోజులున్నాయి. నెల్లూరు వెళ్ళి ఇచ్చి రండి. ఇస్తే నా ఉద్యోగం పోవచ్చు, మనం ఒకచోట ఉండే ఆశా పోవచ్చు. జవాబు రాయకండి. తపాలా కామాక్షయ్యగారి కొట్టుకే వస్తుంది, వాళ్ళు విప్పి చూశాకే నా చేతికిస్తారు. అందుకే ఈ ఉత్తరం కలరా సూదులు వేయడానికి వచ్చిన నర్సమ్మ చేతికిస్తున్నాను. పాపను తలుచుకుని మీరు ఆ కాగితం చించేసినా, ఇక్కడ నాకు తెలిసే దారి లేదు.

ఇట్లు,
మీ ఇల్లాలు
వెంకటశేషమ్మ