అరుపులు: సున్నా

నవంబర్ 10, సోమవారం. ఉదయం 6.10

ఈ రోజు నుంచి నేను అరవను. ఇరవై ఒక్క రోజులు! పెన్నుతో రాసి పెట్టాను, ఇక తప్పించుకునే దారి లేదు.

శనివారం కర్నూలులో గొంతు డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూశాడు. "మేడమ్, స్వరపేటిక మీద చిన్న చిన్న కాయలు లేచినాయి. ఇట్లే అరుస్తా పోతే ఆపరేషనే. ఆ తర్వాత గొంతు ఎట్లుంటాదో నేను మాటియ్యలేను" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా సోషల్ చెప్పి బతుకుతున్నాను. గొంతు పోతే నా దగ్గర ఇంకేముంది? బస్సులో ఇల్లు చేరేదాకా భయంతో నోరు తెరవలేదు.

అదృష్టం ఏమిటంటే పోయిన వారమే మాకు మూడు రోజుల శిక్షణ అయింది. 'మెదడు మెచ్చే బోధన'. టీచరు ఒక్క నిమిషం చెబుతుంది. తర్వాత పిల్లలే చేతులు ఊపుతూ, జతలుగా ఒకరికొకరు చెప్పుకుంటారు. చెయ్యి చేసిన పనిని మెదడు మరిచిపోదట. టీచరు గొంతుకు పనే లేదు. ఇంకేం కావాలి!

నా నియమాలు:
1. మూడు చప్పట్లు కొడితే నిశ్శబ్దం.
2. నేను ఏది చేస్తే పిల్లలు అద్దంలో బొమ్మలాగా అదే చేయాలి.
3. అద్దం మాట్లాడదు. (జతలుగా చెప్పుకునే వంతు వచ్చేదాకా.)

సాయంత్రం 5.00

అద్భుతం! ఏడో తరగతి, నలభై ముగ్గురు, రాష్ట్రం సరిహద్దులు. తల పట్టుకుంటే పైన తెలంగాణ. కాళ్లు చరిస్తే కింద తమిళనాడు. ఎడమ చెయ్యి చాపితే కర్ణాటక. కుడి చెయ్యి అలలాగా ఊపితే బంగాళాఖాతం. నాకు ఎదురుగా నలభై రెండు సముద్రాలు ఊగాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనక బెంచీ మహిమ ఒక్కతే చేతులు ముడుచుకుని కూర్చుంది. పిల్ల అసలే నెమ్మది. లేచి ఏదో అడగబోతే పెదవుల మీద వేలు పెట్టాను. అద్దం మాట్లాడదు కదా! కూర్చుంది.

అరుపులు: 0.

నవంబర్ 11, మంగళవారం

ఇంట్లో కూడా మొదలుపెట్టాను. మా ఆయన బసవరాజ్ ఆర్టీసీ డ్రైవరు. డ్యూటీ నుంచి రాగానే మూడు చప్పట్లు కొట్టి, చేతులతో రొట్టె తట్టి, వేళ్లతో 'ఎన్ని' అని అడిగాను.

"ఏం మే, గొంతు పూర్తిగా పోయిందా?" అన్నాడు కంగారుగా. కాదు, పద్ధతి అని చెప్పాను. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "శానా బాగుండాది. ఇరవై ఒక్క రోజులే ఎందుకు, ఉగాది దాకా పెట్టుకో."

అరుపులు: 1. (అది ఆయన మీద. బడిలో కాదు గనుక లెక్కలోకి రాదు.)

నవంబర్ 13, గురువారం

చిన్న చిక్కు. నేను అరవడం లేదు, సరే. నలభై ముగ్గురు ఒకేసారి ఒకరికొకరు చెప్పుకుంటుంటే రేకుల మీద వడగళ్లు పడ్డట్టు ఉంది. మూడు చప్పట్లు కొట్టాను. అద్దం నియమం ప్రకారం వాళ్లూ మూడు కొట్టారు. నేను మళ్లీ కొట్టాను. వాళ్లూ మళ్లీ కొట్టారు. పీరియడ్ అలాగే అయిపోయింది.

పక్క గదిలో లెక్కల యేసుప్రసాద్ సార్ గడప దగ్గరికి వచ్చాడు. ఆయన క్లాసులో బెత్తం బల్ల మీదే ఉంటుంది, ఈగ కూడా అడిగి వాలుతుంది. "నాగలతమ్మా, ఈడేమన్నా సంత జరుగుతాండాదా?"

"మెదళ్లు పని చేస్తున్నాయి సార్" అన్నాను, మెల్లగా, గర్వంగా.

"చేయనీ తల్లీ. రోంత మెల్లగా చేయమని చెప్పు."

అరుపులు: 2. (గట్టిగా మాట్లాడటం వేరు, అరవడం వేరు. ఇవి మధ్యరకం.)

నవంబర్ 15, శనివారం

అరుపులు: 6. వాటిలో మూడు బడి ఆవరణలోకి వచ్చిన కుక్క మీద. దానికి ఈ పద్ధతిలో శిక్షణ లేదు. నిజం లెక్క 3 అని రాసుకుంటున్నాను.

గొంతులో గరగర. వేడినీళ్లు, ఉప్పు, పుక్కిలింత. అద్దం ముందు నోరు తెరిచి చూసుకున్నాను. కాయలు కనపడలేదు. భయం మాత్రం అక్కడే ఉంది.

అయినా సోమవారం యూనిట్ టెస్టు ఉంది. పద్ధతి గొప్పతనం అప్పుడు తెలుస్తుంది!

నవంబర్ 18, మంగళవారం. సాయంత్రం 4.30

పేపర్లు దిద్దాను.

ప్రశ్న: రాష్ట్ర పటంలో బంగాళాఖాతాన్ని గుర్తించండి. నలభై ఇద్దరు పటానికి ఎడమ పక్కన, కర్ణాటక ఉండాల్సిన చోట, సముద్రం పెట్టారు. అందంగా, నీలం రంగు వేసి. హర్షవర్ధన్ అయితే ఆదోని పక్కన ఓడ కూడా గీశాడు.

పావుగంట అర్థం కాలేదు. తర్వాత లేచి నిలబడి కుడి చెయ్యి ఊపి చూసుకున్నాను. దేవుడా! నేను పిల్లల వైపు తిరిగి కుడి చెయ్యి ఊపాను. అద్దంలో బొమ్మలాగా చేయమన్నాను. అద్దంలో బొమ్మ ఏ చెయ్యి ఊపుతుంది? ఎడమ చెయ్యే. పాపం, చెప్పింది చెప్పినట్టే చేశారు.

సరిగ్గా రాసింది మహిమ ఒక్కతే. పిలిచి ఎలా తెలుసు అని అడిగాను.

"మచిలీపట్నంలో మా పెద్దమ్మ ఉండాది మేడమ్. పొద్దున్నే ఈడ బస్సెక్కితే దావ పొడుగునా పొద్దు మొగం మీదనే కొడతాది. సముద్రం పొద్దు పుట్టే తట్టు గదా?"

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పనీకే లేచినా. అద్దం మాట్లాడదని మీరే అంటిరి గదా."

నవంబర్ 19, బుధవారం

సరిదిద్దుదామని పోయాను. ఈసారి ఎడమ చెయ్యి ఊపాను. పిల్లలకు పాతది బాగా పట్టేసింది. సగం మంది కుడి, సగం మంది ఎడమ, హర్షవర్ధన్ రెండు చేతులూ. "మేడమ్, సముద్రం యాడికి పోయె?" అని శివాని. "రెండు సముద్రాలుండాయి లే" అని ఇంకొకడు. జతల్లో అది కూడా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఇక ఆగలేకపోయాను. "సముద్రం ఆ పక్క కాదురా, ఈ పక్క! ఈ పక్క!" ఎంతసేపు అరిచానో తెలియదు. యేసుప్రసాద్ సార్ పాము వచ్చిందనుకుని బెత్తంతో పరుగెత్తుకొచ్చాడు. 11.40కి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

అరుపులు: లెక్కపెట్టలేదు.

సాయంత్రం బసవరాజ్ కర్నూలు తీసుకుపోయాడు. దారిలో ఒక్క ఎగతాళి కూడా చేయలేదు. అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, పది రోజులు గుసగుస కూడా వద్దు అన్నాడు. పది రోజుల తర్వాత గొంతు వస్తుందా అని కాగితం మీద రాసి అడిగాను. "చూద్దాం" అన్నాడు.

నవంబర్ 20, గురువారం. సాయంత్రం 5.15

బడిలో అందరూ సెలవు పెట్టమన్నారు. ఇంట్లో కూర్చుంటే భయమే, అందుకే పోయాను. బోర్డు మీద 'నాకు గొంతు లేదు' అని రాశాను. చప్పట్లు కొట్టకుండానే క్లాసు నిశ్శబ్దమైంది. అలాంటి నిశ్శబ్దం ఇరవై రెండేళ్లలో వినలేదు.

ఏం చేయాలో తోచక పిల్లల వైపు తిరిగి కుడి చెయ్యి ఎత్తబోయాను. వెనక బెంచీ నుంచి మహిమ లేచి వచ్చింది. నా రెండు భుజాలూ పట్టుకుని మెల్లగా బోర్డు వైపు తిప్పింది.

"ఇప్పుడు ఊపండి మేడమ్."

పటం ముందు, పిల్లలకు వీపు పెట్టి, కుడి చెయ్యి ఊపాను. వెనక ఏం జరుగుతోందో నాకు కనపడలేదు. "అందరూ మేడమ్ మాదిరే. కుడి చెయ్యి. హర్షా, ఒక చెయ్యి చాలప్పా" అని మహిమ గొంతు వినిపించింది. ఏడాదిలో ఆ పిల్ల అంత పెద్దగా మాట్లాడటం ఇదే మొదలు. తర్వాత నలభై మూడు గొంతులు, ఒక్కసారే: "బంగాళాఖాతం!"



ఈ రోజు నుంచి నేను అరవను. ఇరవై ఒక్క రోజులు. మొదటి రోజు.

అరుపులు: 0. (గొంతు లేదు గనుక. అయినా లెక్కలో వేసుకుంటున్నాను.)