గ్యాస్ గొట్టానికి చేపల ఐసు

మంగళవారం

ఆర్గాన్ గ్యాస్ చల్లబడి ముద్దకడితేనే, లేజర్ తగిలినప్పుడు ఎక్స్‌రేలు దండిగా వస్తాయి. నెలల తరబడి మా రీసెర్చ్ గైడ్ సార్ దానికి లెక్కలే వేశారు. మా ల్యాబ్ టెక్నీషియన్ అప్పన్న మాత్రం ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల ఐసు తెచ్చి గ్యాస్ గొట్టం చుట్టూ కూరాడు. ఆ రోజే ఎక్స్‌రే సిగ్నల్ అమాంతం పెరిగింది.

ఇవాళ దాని మీద మా పేపర్ జర్నల్లో అచ్చయి వచ్చింది. అప్పన్న చేతులు తుడుచుకుని మరీ అందుకున్నాడు.

"ఇందల నా పేరెక్కడుందమ్మా?"

"ఐసు పెట్టినోళ్ల పేర్లు కూడా వేస్తారేటి?" అని సార్ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. సార్ మేనల్లుడు ల్యాబ్ గుమ్మం తొక్కనే లేదు, అతని పేరు అందులో మూడోది. రెండోది నాది. ఆ వరుస టైప్ చేసిందీ నేనే.

అప్పన్న పేపర్ బల్లమీద పెట్టేశాడు.

"రేపటికి ఐసు తెమ్మంటారేటమ్మా?"

తెమ్మన్నాను.