తువ్వాలు కింద చందా

పెబ్బేరు, 12-3-2006

చిరంజీవి తమ్ముడు నర్సింహులుకు అన్న కుర్మయ్య ఆశీస్సులు.

నీవు భయపడినట్లు నేనిక్కడ నవ్వులపాలు కాలేదు. ఇక వైద్యం లేదని దవాఖానవారు పంపివేసిన రోగులు చివరి రోజులు నొప్పి లేకుండా గడపడానికి మేము తలపెట్టిన ఇల్లు లేచి తీరుతుంది. ఉగాదిలోగా పునాది పడకపోతే స్థలం వెనక్కు తీసుకుంటానని దాత గడువు పెట్టాడు. అందుచేత మొన్న పశువుల సంతలో మైకు పట్టి, చందా ఇచ్చిన ప్రతివారి పేరూ, మొత్తమూ చదివి వినిపిస్తానని ప్రకటించాను. పొరపాటు నాదే. పది రూపాయలే ఇవ్వగలవాడు సిగ్గుపడి పక్కకు తప్పుకున్నాడు.

ఎడ్ల బేరాలు కుదిర్చే నబీ సాబ్ నా చేతిలోని మైకు లాక్కున్నాడు. "జర ఊకో సారూ! గిట్ల పేర్లు సదివితే పెద్దోళ్లే ఇస్తరు, పేదోడు పారిపోతడు" అని తన తువ్వాలు ఒక సంచి మీద కప్పాడు. ఎడ్ల ధరను తువ్వాలు కింద వేళ్లు పట్టి చెప్పుకున్నట్లే, చందా కూడా చాటుగా పడింది. "నేనెంత ఏసిననో నా మొగనికి గూడ తెల్వదు" అని ఒక ముసలామె నవ్వింది. రాత్రిబడిలో చదివి డిగ్రీ పుచ్చుకున్న నాకు ఆ ఉపాయం తోచలేదని ఒప్పుకుంటున్నాను. పొద్దు వాలేసరికి పునాదికి సరిపడా సమకూరింది. వచ్చే గురువారం ముగ్గు పోస్తాము.

అమ్మ కంటి చుక్కల మందు తెచ్చావా? బోరు బాగైందా?

నాన్న కన్నుమూసిన నవారు మంచం మీద ఎవరూ పడుకోవడం లేదు గదా. అమ్మ సరేనంటే కొత్త నవారు అల్లించి పంపు. ఇక్కడ రోగులకు కట్టబోయే ఇంట్లో మొదటి మంచం మనది కావాలి.

పిల్లలకు దీవెనలు.

కుర్మయ్య