వేట లేని నెలలో నీ విస్తరి

అమ్మమ్మా,

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడాది. నీ ఫొటో ముందు విస్తరి వేసి చేపల పులుసు పెట్టాలని నాన్న పొద్దున్నే సంచి తీశాడు. నాకు మనసొప్పలేదు. ఇప్పుడు సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది.

భీమిలి ఒడ్డున పుట్టిన నువ్వు, సముద్రమే లేని ఈ చిలకలగూడకు వచ్చాక కూడా ఈ రెండు నెలలూ చేప ముట్టలేదు. "గుడ్లెట్టే కాలంలో తల్లిసేపని తింటామేటే?" అనేదానివి. "అత్తమ్మా, ఇవి చెరువు చేపలు. వీటికి మీ సముద్రం రూల్స్ తెల్వయి," అని నాన్న నవ్వేవాడు. సముద్రాన్ని నువ్వు 'సంద్రం' అనేదానివి. ఆ మాటను ఈమధ్య ఒంటరిగా ఉన్నప్పుడు పలికి చూసుకుంటున్నాను. అలా అంటే అది మన వీధి చివరే ఉన్నట్టుంటుంది.

"నాన్నా, ఇప్పుడు వేట బంద్ కదా," అన్నాను.

"పోయినోళ్లకు సుత బంద్ ఉంటదా బిడ్డా?" అంటూ మార్కెట్‌కు వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేసరికి సంచిలో చింతచిగురు ఉంది. ఏమైందని అమ్మ అడిగింది.

"చేపలమ్మేటోడు వంజరం తాజాదే అన్నడు. పడవలన్నీ ఒడ్డుమీదుంటే తాజాది ఎట్లొస్తదని కొట్లాడిన. అచ్చం మీ అమ్మ లెక్కనే," అని నాన్న చెప్పులు విడవడానికి అటు తిరిగాడు. చాలాసేపు ఇటు తిరగలేదు.

నీ విస్తరిలో చింతచిగురు పప్పు వడ్డించాం. పడవలు మళ్లీ వేటకు దిగాక వంజరం తానే తెస్తానన్నాడు నాన్న. అప్పటిదాకా ఆగు అమ్మమ్మా. ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ప్రతి వేసవిలోనూ ఆగావుగా.