మోపులో గడ్డిజిల్లేడు

జూలై 11, 1954

వాన లేదు. కాన్సాస్ అంతా పెనంలా కాలుతోంది. వాగు పక్క బీడు కోయొద్దని మా ఆయన వర్జిల్‌కి చెప్పాను. అక్కడ గడ్డి కన్నా గడ్డిజిల్లేడే ఎక్కువ. జానెడు మొక్క, సూదుల్లాంటి ఆకులు, తెల్లటి పూలు, తుంపితే పాలు. ఇవాళ ఒక పువ్వులో తేనెటీగ కాలు ఇరుక్కుంది. కాలు తెంపుకుని ఎగిరిపోయింది.

పచ్చిగా ఉంటే పశువు మూతి పెట్టదు. ఎండి గడ్డిలో కలిస్తే ఏరుకోలేదు. విషం మాత్రం ఎక్కడికీ పోదు. ఎండితే అన్నీ గడ్డేనే, నీ చాదస్తమూ నువ్వూ అన్నాడు.

జూలై 14

కోశాడు. ట్రాక్టర్ మీద ఈల కూడా వేశాడు.

జూలై 20

హార్లన్ వచ్చాడు. వర్జిల్ తమ్ముడు. వాళ్ళ నాన్న ఆ బీడు వర్జిల్‌కి రాశాడని రెండేళ్ళుగా మా గడప తొక్కనివాడు. గుర్రాలు ఆకలికి కంచె కర్రలు కొరుకుతున్నాయి, కాస్త గడ్డి ఉంటే ఇయ్యన్నయ్యా అన్నాడు, నేల చూస్తూ. వర్జిల్ మొహం చేటంతయింది. ఆ బీడు మోపులే ట్రక్కుకి ఎక్కించాడు.

నేను అడ్డం పడ్డాను. అందులో విషపు మొక్క ఉంది, పెట్టకయ్యా అన్నాను. చూశావా అన్నయ్యా, వదినకి ఇవ్వడానికి చెయ్యి రావట్లేదు అని నవ్వాడు హార్లన్. వర్జిల్ నన్ను కొరకొరా చూసి ఇంకో నాలుగు మోపులు వేశాడు. ఇద్దరూ ఇద్దరే.

జూలై 22, సాయంత్రం

గుర్రాలు పడిపోయాయి. కాళ్ళు తన్నుకుంటూ, తలలు నేలకేసి బాదుకుంటూ. హార్లనే ఒక్కొక్కదాన్నీ కాల్చాడు. మా వరండాలోకి వినిపించింది. పేలినప్పుడల్లా వర్జిల్ ఉలిక్కిపడ్డాడు.

జూలై 23

హార్లన్ పొద్దున్నే వచ్చి తుపాకీ మడమతో వర్జిల్ దవడ మీద కొట్టాడు. వాకిట్లో పళ్ళు రాలాయి. మీ ఆవిడకి తెలిసింది నీకు తెలీదంట్రా, కావాలనే పెట్టావు అని అరిచాడు. పాలబకెట్‌తో వాడి నెత్తిన ఒకటి ఇచ్చాను. నిజానికి ఇద్దరికీ ఇవ్వాల్సింది.

ఫోన్ చేస్తే, అన్నదమ్ముల గొడవ, మీరే సర్దుకోండమ్మా అన్నాడు షెరిఫ్.

జూలై 24

హార్లన్ బీడుకి నిప్పు పెట్టాడు. గాలి వాడి మీదికే తిరిగింది. దవడకి గుడ్డ కట్టుకున్న వర్జిల్ తడి గోనెసంచి కప్పుకుని మంటలోకి దూకి తమ్ముణ్ణి ఈడ్చుకొచ్చాడు. వాడి చొక్కాతో పాటు చర్మమూ ఊడింది. కాసేపు బతికాడు. నువ్వు చెప్పావు వదినా అన్నాడు. అన్న వైపు చూడలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది.

ఆగస్టు 19

నిన్న జల్లు పడింది. మసిలోంచి ముందు లేచింది గడ్డిజిల్లేడే, హార్లన్ పడిన చోట కూడా. చారల గొంగళిపురుగు ఒకటి దాన్ని కరకరా తింటోంది.

వర్జిల్ వంగి ఒక రెమ్మ తుంపి నోట్లో పెట్టుకున్నాడు. విరిగిన దవడ అని కూడా చూడకుండా కొట్టాను. ఉమ్మేశాడు.

చేదుగా ఉందే అన్నాడు. తమ్ముడు పోయాక ఆయన మాట్లాడిన మొదటి మాట.